కాస్త కదలవమ్మా... కంప్యూటరూ!

కంప్యూటర్ ఆన్ చేసి స్టవ్ మీద చాయ్ పెడతారు. చాయ్ మరిగి, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. 'ఇక దీని పని అయిపోయింది, కొత్తది కొనాల్సిందే' అని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. నిజానికి చాలాసార్లు జబ్బు ఒక్క భాగానిదే. అదేదో కనిపెడితే కొత్త కంప్యూటర్ ఖర్చులో కొద్ది భాగంతోనే, ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండానే పాతది పరుగెత్తుతుంది!

గోదావరి ఒడ్డునున్న చెన్నూరునే తీసుకోండి. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ప్రాంతం. చుట్టూ పత్తి చేలు, మంచిర్యాల వైపు వెళ్తే బొగ్గు గనులు. ధర వచ్చేదాకా పత్తిని ముందుగదిలోనే పోసుకునే ఇళ్లున్న చోట వేడి, దుమ్ము, దూది... కంప్యూటర్‌కు మూడూ పగవాళ్లే.

ముందు ఫొటోలు... తర్వాతే వేగం!

కంప్యూటర్ నెమ్మదించడం ఒక్కోసారి హార్డ్‌డిస్క్ చేస్తున్న ఆఖరి హెచ్చరిక. ఫైలు తెరవబోతే బిగుసుకుపోవడం, లోపలి నుంచి 'టక్ టక్'మని చప్పుడు రావడం, ఫైళ్లు ఉన్నట్టుండి చెడిపోవడం... ఇవి కనిపిస్తే వేగం సంగతి పక్కన పెట్టాలి. పెళ్లి ఫొటోలు, పిల్లల మార్కుల మెమోలు, పాసుపుస్తకాల స్కాన్ కాపీలు వెంటనే మరో డిస్కులోకో, పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించాలి. డిస్కు ఆరోగ్యం చెప్పే 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అందులో 'గుడ్' బదులు 'కాషన్' అనో, 'బ్యాడ్' అనో కనిపిస్తే డిస్కు మార్చాల్సిందే. కొత్త కంప్యూటర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పోయిన ఫొటోలు మాత్రం ఏ షాపులోనూ దొరకవు.

నాడి పట్టండిలా

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే 'టాస్క్ మేనేజర్' తెరుచుకుంటుంది. కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే దీన్ని చూడాలి. అక్కడ సీపీయూ, మెమరీ, డిస్క్ అని మూడు అంకెలుంటాయి. ఏ పనీ చేయకపోయినా డిస్క్ నిమిషాల తరబడి నూటికి నూరు చూపిస్తోందా? జబ్బు డిస్కుదే. రెండు మూడు కిటికీలు తెరవగానే మెమరీ తొంభై దాటుతోందా? ర్యామ్ చాలడం లేదు. పొద్దున చురుగ్గా ఉండి మధ్యాహ్నం ఎండకు చతికిలబడుతోందా? అనుమానం వేడి మీదికి పోవాలి. సీపీయూ ఎప్పుడూ వందలోనే ఉంటే, దాన్ని తినేస్తున్న ప్రోగ్రాం పేరు అదే పట్టికలో కనిపిస్తుంది.

ర్యామ్ వంటింటి గట్టు లాంటిది. డిస్కు అటక. గట్టు ఇరుకైతే ప్రతి గిన్నె కోసం అటక ఎక్కి దిగాలి కదా, కంప్యూటర్ చేసేదీ అదే. ర్యామ్ నిండగానే డిస్కులో కొంత చోటును ర్యామ్‌లా వాడుకుంటుంది. అక్కడే సగం ఆలస్యం.

పైసా ఖర్చు లేని వైద్యం

* మొదట 'షట్‌డౌన్' కాదు, 'రీస్టార్ట్' చేయాలి. విండోస్ 10, 11లలో 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటుంది. దానివల్ల షట్‌డౌన్ చేసినా వ్యవస్థ కొంత నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగిపోదు. రీస్టార్ట్‌తోనే అంతా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

* టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్' విభాగం ఉంటుంది. ఆన్ చేయగానే పిలవని పేరంటాల్లా వచ్చి కూర్చునే ప్రోగ్రాంలను అక్కడ 'డిసేబుల్' చేయొచ్చు. పేరు తెలియని వాటిని కదపకపోవడం మేలు.

* రెండు యాంటీవైరస్‌లు ఒకే ఇంట్లో ఇమడవు. ఒకటి తీసేయాలి. 'మీ కంప్యూటర్‌ను పదింతలు వేగం చేస్తాం' అనే ఉచిత ప్రోగ్రాంల జోలికి పోవద్దు. కొన్నిసార్లు అవే కొత్త బరువవుతాయి.

* సీ డ్రైవ్ అంచుల దాకా నిండితే ఊపిరాడదు. సెట్టింగ్స్‌లోని 'స్టోరేజ్'లో తాత్కాలిక ఫైళ్లు తుడిచేయొచ్చు. ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' మీద టిక్ ఉందేమో చూసుకోవాలి. లేకపోతే దాచుకున్న హాల్‌టికెట్టూ చెత్తలో కలిసిపోతుంది!

దూది దులపాలి

ప్రాసెసర్ బాగా వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాన్ రెక్కలకు, దాని కింది లోహపు పలకలకు దూదీ దుమ్మూ పట్టేస్తే గాలి ఆడదు. కరెంటు తీగ పూర్తిగా తీసేసి, మూత విప్పి, మెత్తని పెయింట్ బ్రష్‌తో దులిపితే చాలు. ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకునే గాలి కొట్టాలి. తడిగుడ్డ పెట్టకూడదు. సీపీయూ పెట్టెను గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పి వాడటం మానేయాలి. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద పెట్టొద్దు. చాలా ఏళ్ల కంప్యూటర్ అయితే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. దాన్ని తెలిసిన మెకానిక్‌తో మార్పించడమే క్షేమం.

కొనాల్సి వస్తే...

పాత హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటే, ఓ చిన్న చేయి అటూ ఇటూ కదులుతూ ఫైళ్లను వెతుకుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. అందుకే వెతుకులాట దాదాపు ఉండదు. పాత కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే తేడా మరే మార్పుతోనూ అంతగా కనిపించదు. ఆ తర్వాతి స్థానం ర్యామ్‌ది. 4 జీబీ ఉంటే 8 చేసుకోవాలి. కానీ డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 పట్టదు. మంచిర్యాలకో, కరీంనగర్‌కో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో వెళ్లేటప్పుడు పాత ర్యామ్‌ను వెంట పట్టుకెళ్తే ఉత్తి తిరుగుడు తప్పుతుంది. ధర రెండు మూడు షాపుల్లో అడగాల్సిందే.

ఎస్‌ఎస్‌డీ పెట్టాక పాత అలవాటు కొద్దీ 'డీఫ్రాగ్' చేయొద్దు. దానివల్ల లాభం లేదు, అరుగుదల తప్ప.

మరి విండోస్ సంగతి?

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటుతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. చాలా పాత కంప్యూటర్లు అక్కడే ఆగిపోతాయి. వాటికి మరో దారి... లినక్స్. 'లినక్స్ మింట్' ఎక్స్‌ఎఫ్‌సీఈ రకానికి 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయి. సీ-డాక్ తయారుచేసిన 'బాస్' లినక్స్‌లో తెలుగూ ఉంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకుని, నచ్చాకే ఎక్కించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్‌లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లకు ఈ దారి కుదరదు. అవి విండోస్ మీద ఆధారపడినవి. అలాంటివారు ఆ కంప్యూటర్‌ను పనికే ఉంచి, బ్యాంకు లావాదేవీలు మరోదాంట్లో చేసుకోవడం మంచిది.

మదర్‌బోర్డే పోయినా, మార్చాల్సిన భాగాల ధర కొత్తదాని ధరలో సగం దాటినా... అప్పుడు పాతదానికి సెలవు చెప్పొచ్చు. అంతవరకూ ముందు ఫొటోలు భద్రం చేయడం, తర్వాత నాడి పట్టడం, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టడం! ఈ వరస తప్పకపోతే, చాయ్ మరిగేలోపే కంప్యూటర్ సిద్ధంగా ఉంటుంది.