కాలువ పారుతుంది, మిల్లు ఆడుతుంది

కోనసీమ బళ్లల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ‘రన్’ అంటే ఏమిట్రా అని అడిగితే తరగతంతా ‘పరిగెత్తడం’ అని అరిచేది. మా వైపు మాటలో లగెత్తడం. తప్పేం లేదు. కానీ ఆ ఒక్క అర్థమే బట్టీ పట్టిన పిల్లవాడు ‘హి రన్స్ ఎ హోటల్’ దగ్గర ఆగిపోతాడు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో క్రియగా ‘రన్’కి 645 అర్థాలు లెక్క తేలాయి. 1989 నాటి రెండో కూర్పులో ఎక్కువ చోటు పట్టిన మాట ‘సెట్’. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు కూర్చుని ‘రన్’ని తిరగరాశాక ‘సెట్’ వెనకబడింది. బడిపిల్లలకు అన్ని అక్కర్లేదు. ఆగకుండా సాగడం అన్న మూలం పట్టుబడితే చాలావాటి ముడి విడిపోతుంది.

అందుకే వాళ్లను ఊళ్లోకి చూడమనేవాణ్ణి. ధవళేశ్వరంలో నీళ్లు వదిలితే కాలువ పారుతుంది. రైసు మిల్లు ఆడుతుంది. రావులపాలెం బస్సు నడుస్తుంది. చేలో మోటారు తిరుగుతుంది. జలుబు చేస్తే ముక్కు కారుతుంది. రాజమండ్రిలో సినిమా వంద రోజులు ఆడుతుంది. హేవలాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచాయి. వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘రన్’ ఒక్కటే సరిపోతుంది. మనం మాత్రం కదిలేదేమిటో చూసి క్రియ ఎంచుకుంటాం. కాబట్టి ముందు కర్తను చూడండి, తర్వాతే అర్థం చెప్పండి అనేవాణ్ణి.

పక్కన చిన్న మాట చేరితే దారే మారిపోతుంది. ‘రన్ ఇంటు’ అంటే అనుకోకుండా ఎదురుపడటం. ‘రన్ అవుట్ ఆఫ్’ అనగానే పిల్లలకు క్రికెట్టే గుర్తొచ్చేది. ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ని తెలుగులో చెప్పమంటే ఒకమ్మాయి లేచి ‘బియ్యం నిండుకున్నాయండి’ అంది. ఇంట్లో అమ్మలు ‘అయిపోయాయి’ అనరు. అంతకంటే మంచి అనువాదం నేను వినలేదు. అన్నట్టు, ‘హావ్’ తర్వాత ‘రన్’ అనే రావాలి, ‘ర్యాన్’ రాకూడదు. డిగ్రీ చదివినవాళ్లూ ఇక్కడ తడబడతారు.

ఎన్నికల వార్తలప్పుడు ఇంకో ప్రశ్న వచ్చేది. అమెరికాలో అధ్యక్ష పదవికి ‘రన్’ చేస్తారు, మన సర్పంచి ఎందుకు నిలబడతాడండీ అని. బ్రిటన్‌లోనూ అభ్యర్థి ‘స్టాండ్స్’ అనే రాస్తారు. మన పరీక్షలో రెండూ ఒప్పే.