ఎడమ పక్కన నడపడం, వేగం అదుపులో ఉంచడం: సంక్రాంతి ప్రయాణాలకు ముందు కొన్ని మాటలు

 

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. మన బడి పిల్లల్లో చాలామందికి అమ్మమ్మగారి ఊరో, నాన్నమ్మగారి ఊరో సాలూరు, బొబ్బిలి, విజయనగరం, విశాఖపట్నం వైపే ఉంటుంది. కొందరు బస్సులో వెళ్తారు, కొందరు కారులో, ఇంకొందరు బైకు మీదే బయలుదేరతారు. ఎలా వెళ్లినా సునాబెడ నుంచి సిమిలిగుడ, పొట్టంగి, సుంకి మీదుగా 26వ నంబరు జాతీయ రహదారే దారి. అందుకని ఈసారి పరీక్షల గురించి కాకుండా రోడ్డు గురించి రాస్తున్నాను. పెద్దవాళ్లు చదవండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు లెక్కలు కూడా చేసి చూడండి.

రోడ్డుకి ఒక భాష ఉంది

మన రహదారి మీద ఛత్తీస్‌గఢ్ లారీ, ఒడిశా బస్సు, ఆంధ్రా కారు పక్కపక్కనే తిరుగుతాయి. దామంజోడి వైపు వెళ్లే లారీలు వేరే. సాలూరు సంగతి సరేసరి, అది లారీల ఊరనే పేరు పడింది. ఈ డ్రైవర్లలో ఒకరికి హిందీ వచ్చు, ఒకరికి ఒడియా, ఒకరికి తెలుగు. ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు లేదు. మరి ఎదుటి బండి ఏం చేయబోతోందో ఎలా తెలుస్తుంది? బండి ఏ పక్కన ఉంది, ఇండికేటర్ ఎటు వేసింది, రోడ్డు మీద గీత ఎలా ఉంది, వీటి వల్లే తెలుస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకునే మనకి ఇది కొత్త విషయం కాదు. ఎవరి భాష ఏదైనా, అందరికీ తెలిసిన పద్ధతి ఒకటి ఉంటేనే పని జరుగుతుంది.

ఆ పద్ధతిలో మొదటిది: మన దేశంలో బండి ఎడమ పక్కన నడవాలి. ముందు బండిని దాటాలంటే కుడి పక్క నుంచి దాటాలి, దాటాక మళ్లీ ఎడమకి వచ్చేయాలి. ముందు బండి కుడికి తిరగడానికి ఇండికేటర్ వేసి రోడ్డు మధ్యకి చేరినప్పుడు మాత్రం ఎడమ పక్క నుంచి వెళ్లవచ్చు.

నాలుగు వరుసల రోడ్డు మీద

విజయనగరం దాటాక నాతవలస దగ్గర మన రోడ్డు 16వ నంబరు జాతీయ రహదారిలో కలుస్తుంది. అక్కడ మధ్యలో డివైడర్, ఒక్కో వైపు ఒకటికి మించి వరుసలు. ఎడమ వరుస ప్రయాణానికి, డివైడర్ పక్కనున్న కుడి వరుస దాటడానికి. దాటే పని లేనప్పుడు కుడి వరుసలో ఉండకూడదు.

కానీ మీరు చూసే ఉంటారు, బరువు లారీ 40 కిలోమీటర్ల వేగంతో కుడి వరుసలోనే పోతూ ఉంటుంది. వెనక కార్లు హారన్ కొడతాయి, లైట్లు కొడతాయి, అది జరగదు. చివరికి కార్లు ఎడమ నుంచి దూరిపోతాయి. లారీ డ్రైవరుకి ఎడమ పక్క దగ్గరగా ఉన్నది సరిగా కనబడదు. అదే క్షణంలో అతను ఎడమకి తిరిగితే ఇక చెప్పేదేముంది?

డ్రైవర్లది ఒక్కరి తప్పే అనడం న్యాయం కాదు. ఎడమ వరుసలో ఆగిన లారీలు ఉంటాయి, ఆటోలు ఎక్కడ పడితే అక్కడ ఆగుతాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తుంది, ఆవులు పడుకుంటాయి. వీటన్నిటినీ తప్పించుకోలేక లారీ కుడికి చేరి అక్కడే ఉండిపోతుంది. అంటే రోడ్డు అంచున బండి ఆపినవాడికీ, రాంగ్ రూట్‌లో వచ్చినవాడికీ కూడా ఇందులో భాగం ఉంది. అందుకే మనం టీ తాగడానికి ఆగినా సరే, బండి పూర్తిగా తారు రోడ్డు దిగాకే ఆపాలి.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద ఈ పద్ధతి బాగా కనబడుతుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద ఒక్కో వైపు నాలుగు వరుసలు. వేగంగా వెళ్లేవి కుడి వరుసల్లో, నెమ్మదిగా వెళ్లేవి ఎడమ వరుసల్లో వెళ్లాలి. బైకులకి ప్రవేశం లేదు. రాయపూర్ నుంచి విశాఖపట్నానికి మన కోరాపుట్ జిల్లా మీదుగా కొత్తగా వస్తున్న ఆరు వరుసల రహదారికీ ఇదే క్రమం అవసరం. ఇప్పటి పిల్లలు పెద్దయ్యాక నడిపేది ఆ రోడ్డు మీదే.

ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్‌లో "ఎడమ వరుస ఖాళీగా ఉంచాలి" అంటే తికమక పడకండి. అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి, కాబట్టి దాటే వరుస ఎడమది. పక్క మారింది కానీ సూత్రం ఒక్కటే: రోడ్డు మధ్యకి దగ్గరగా ఉన్న వరుస దాటడానికి, అంచుకి దగ్గరగా ఉన్నది మామూలు ప్రయాణానికి.

ఘాట్ రోడ్డు మీద

మన వైపు అసలు కష్టం నాలుగు వరుసల రోడ్డుతో కాదు. పొట్టంగి, సుంకి ఘాట్‌లో రానూ పోనూ ఒకే రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు. ఇక్కడ ఓవర్‌టేక్ అంటే ఎదుటివాడి దారిలోకి దిగడమే. పిల్లలూ, ఈ లెక్క చేయండి.

ముందు లారీ గంటకి 40 కిలోమీటర్లు, మన కారు 60. తేడా 20, అంటే సెకనుకి సుమారు 5.5 మీటర్లు. లారీకి వెనక కొంత దూరం, లారీ పొడవు, దాటాక ముందు కొంత దూరం, అన్నీ కలిపి 50 మీటర్లు అనుకుందాం. దాటడానికి 9 సెకన్లు పడుతుంది. ఆ 9 సెకన్లలో మన కారు 150 మీటర్లు పోతుంది. ఎదురుగా వచ్చే బండి కూడా 60లో ఉంటే అదీ 150 మీటర్లు వస్తుంది. అంటే కనీసం 300 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడాలి. ఘాట్‌లో 300 మీటర్లు తిన్నగా కనబడే చోటు ఎక్కడుంది?

అందుకే మలుపు దగ్గర, ఎత్తు ఎక్కే చోట, వంతెన మీద, బడి దగ్గర, మధ్య గీత తెగకుండా ఉన్న చోట దాటకూడదు. ముందు లారీ ఇండికేటర్ వేసి "పొమ్మని" సైగ చేసినా నమ్మి దూరిపోకండి. కుడి ఇండికేటర్‌ని ఒకరు "వెళ్లు" అనే అర్థంలో, ఇంకొకరు "రావద్దు" అనే అర్థంలో వాడతారు. అతను నిజంగానే కుడికి తిరుగుతూ ఉండవచ్చు. మన కంటికి రోడ్డు కనబడితేనే దాటాలి.

ఇరుకు చోట రెండు బండ్లు ఎదురుపడితే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఎక్కేది ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం, బరువు లారీ అయితే వెనక్కి జారే ప్రమాదం కూడా ఉంది. మనల్ని ఎవరైనా దాటుతున్నప్పుడు పంతానికి పోయి వేగం పెంచకూడదు.

దిగేటప్పుడు న్యూట్రల్ చేయకండి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగితే బ్రేకులు వేడెక్కి, అవసరం వచ్చినప్పుడు పట్టవు.

వేగం వల్ల మిగిలేదెంత, పోయేదెంత

30 కిలోమీటర్ల దూరం 60లో వెళ్తే 30 నిమిషాలు, 80లో వెళ్తే 22 నిమిషాల 30 సెకన్లు. మిగిలింది ఏడున్నర నిమిషాలు. మధ్యలో లారీలు, ఊళ్లు, మలుపులు వస్తే అంత కూడా మిగలదు.

ఇప్పుడు పోయేదేంటో చూద్దాం. ప్రమాదం కంటబడ్డాక బ్రేకు నొక్కడానికి మనిషికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో 60 వేగంతో ఉన్న కారు దాదాపు 17 మీటర్లు పోతుంది. తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 20 మీటర్లు. మొత్తం 37 మీటర్లలో ఆగుతుంది. 80లో ఉంటే ఆ సెకనుకి 22, బ్రేకుకి 35, మొత్తం 57 మీటర్లు. వేగం మూడో వంతే పెరిగింది, ఆగే దూరం సగానికి పైగా పెరిగింది. ఎందుకంటే బండిలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తొమ్మిదో తరగతిలో చదివిన గతిశక్తి సూత్రం ఇదే.

ఇంకో సంగతి. రోడ్డుకి అడ్డంగా 37 మీటర్ల దూరంలో ఒక పిల్లవాడు వచ్చాడనుకోండి. 60లో ఉన్న కారు అతని ముందు వరకూ వచ్చి ఆగిపోతుంది. అదే చోట బ్రేకు వేయాల్సిన 80 వేగం కారు, ఆ పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఇంకా గంటకి సుమారు 60 కిలోమీటర్ల వేగంతోనే ఉంటుంది. 20 కిలోమీటర్లే కదా ఎక్కువ అనేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

మన కొండల మీద జనవరిలో పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది, రోడ్డు తడిసి ఉంటుంది. తడి రోడ్డు మీద టైరు పట్టు సగానికి తగ్గిందనుకుంటే, 30 మీటర్లకి మించి కనబడని మంచులో 40 దాటకూడదు. ఎదర ఏముందో కనబడే దూరంలోపల బండి ఆగాలి. ఎండ వచ్చాక బయలుదేరితే ఇంకా మంచిది.

కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం కారుకి డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, మామూలు రోడ్ల మీద 70. బైకుకి 80, 60. సరుకు లారీకి కూడా 80, 60. ఆటోకి ఎక్కడైనా 50. ఇవి గరిష్ఠ పరిమితులు. బోర్డు మీద 30 అని రాసి ఉంటే అక్కడ 30 మాత్రమే. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ఆ మరణాల్లో నూటికి 71 అతివేగం కింద నమోదైనవే.

పిల్లలకి బండి ఇవ్వకండి

ఇది తల్లిదండ్రులకి ప్రత్యేకంగా చెబుతున్నాను. పండక్కి ఊరెళ్తే మావయ్య బైకు, బాబాయి స్కూటీ దొరుకుతుంది. "ఒక్క రౌండే, ఊళ్లోనే కదా" అని తాళం ఇచ్చేస్తారు. లైసెన్సుకి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకి ఇచ్చేది 50 సీసీ లోపు బండికే. ఇప్పుడు ఇళ్లలో ఉన్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. ఉద్యోగానికి లైసెన్సు కావాల్సిన వయసంతా అలా పోతుంది.

బైకు మీద వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా చట్టం హెల్మెట్ తప్పనిసరి చేసింది.

పిల్లలు గుర్తుంచుకోవాల్సినవి

1. సైకిల్ ఎడమ పక్కన నడపాలి. ఫుట్‌పాత్ లేని చోట నడిచేవాళ్లు మాత్రం కుడి పక్కన నడవాలి. అప్పుడు ఎదురుగా వచ్చే బండి మన కంటికి కనబడుతుంది.

2. బస్సు దిగి దాని ముందు నుంచి రోడ్డు దాటకండి. బస్సు వెళ్లాక రెండు వైపులా చూసి దాటండి.

3. కారులో కూర్చున్నప్పుడు మూడు సెకన్లు లెక్కపెట్టండి. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే మొదలుపెట్టి, మీరు ఆ స్తంభం చేరేలోపు మూడు పూర్తవ్వాలి. పూర్తవ్వకపోతే "నాన్నా, దగ్గరయిపోయాం" అని మెల్లగా చెప్పండి. వాన, మంచు ఉంటే అయిదు లెక్కపెట్టండి.

4. ప్రమాదం చూస్తే 108కి గానీ 112కి గానీ ఫోను చేయమని పెద్దవాళ్లకి చెప్పండి. జాతీయ రహదారి మీద 1033 కూడా ఉంది. సాయం చేసినవాళ్లని పోలీసులు ఇబ్బంది పెట్టకుండా చట్టంలో రక్షణ ఉంది, భయపడక్కర్లేదు.

బడి గేటు దగ్గర ఒక మనవి

సెలవుల తర్వాత పిల్లల్ని దింపడానికి వచ్చేటప్పుడు కొద్ది దూరం కలిసొస్తుందని రాంగ్ రూట్‌లో రాకండి. ముందున్న మలుపు వరకు వెళ్లి తిరిగి వస్తే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ట్రాఫిక్ రూల్స్ మేం తరగతిలో పాఠంగా చెబుతాం. కానీ పిల్లలు నేర్చుకునేది రోజూ బండి వెనక కూర్చుని చూసిందే.

8 నుంచి 10 తరగతుల విద్యార్థులు 40, 60, 80, 100 వేగాలకి ఆగే దూరం లెక్కకట్టి, పట్టిక వేసి, బడి తెరిచిన రోజు లెక్కల మాస్టారికి చూపించాలి. ఇంట్లో బండి నడిపేవాళ్లకి ఆ పట్టిక ముందే చూపించి సంతకం పెట్టించుకుని రండి.

అందరూ క్షేమంగా వెళ్లి, క్షేమంగా రావాలి. సంక్రాంతి శుభాకాంక్షలు.

ప్రధానోపాధ్యాయుడు