మందు ఒక్కటే మింగిస్తే చాలదట!

మా చిన్నాడికి నాలుగేళ్లు. అన్నం కలిపితే చాలు, కడుపు నొప్పంటూ మూతి తిప్పుకునేవాడు. ముఖం పాలిపోయింది. మా అత్తయ్య దిష్టి తీసింది. నేను నులిపురుగుల మందు వేశాను, ఐరన్ టానిక్ సీసాల కొద్దీ తాగించాను. ఊహూఁ!

పిల్లల డాక్టరుగారు అన్నీ విని "మీవారేం చేస్తుంటారమ్మా?" అనడిగారు. పిల్లాడి కడుపు నొప్పికీ దానికీ సంబంధమేమిటో! బ్యాటరీల రిపేరని చెప్పాను. ఇంటి వెనక రేకుల షెడ్డులోనే పాత ప్లేట్లు విప్పడం, సీసం కరిగించడం. వెంటనే రక్తపరీక్ష రాశారు. డెసిలీటరుకు 58 మైక్రోగ్రాముల సీసం ఉందని తేలింది. 45కి చేరితే పదేళ్లలోపు పిల్లలకు మందు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిందట.

ఈ మందుల్ని చీలేటింగ్ ఏజెంట్లంటారు. గ్రీకు భాషలో పీత డెక్కకున్న మాట నుంచి వచ్చిన పేరు. డెక్కతో పట్టినట్టు సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి లాక్కుపోతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆర్సెనిక్ విషవాయువుకు విరుగుడుగా బ్రిటన్‌లో తయారుచేసిన 'బాల్' ఇంజెక్షన్ వీటిలో పాతది. తర్వాత ఇ.డి.టి.ఎ., సక్సిమర్, పెన్సిలమిన్ వచ్చాయి. మావాడికి రాసింది పెన్సిలమిన్.

"ముందు బాబుని ఆ ఇంట్లోంచి కదల్చండమ్మా. సీసం లోపలికి పోతూనే ఉంటే ఈ మందు వేసీ ప్రయోజనం లేదు" అన్నారు డాక్టరుగారు. షెడ్డు మూస్తే తిండెట్లా? ఆ రాత్రి మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "మా నాన్నా ఇదే పని చేశాడు. నాకేమైంది?" అన్నారాయన. మర్నాడు పిల్లాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయాను. వారం తిరక్కుండా ఆయనా పరీక్ష చేయించుకున్నారు. 41! ఇక మాట్లాడలేదు. ఊరి చివర షెడ్డు అద్దెకు తీసుకున్నారు. అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికొస్తారు. ఆ బట్టలు విడిగా ఉతుకుతాను. ఇల్లు చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుందని తడిబట్టతో తుడుస్తున్నాను.

మందు పరగడుపునే వేయాలి. ఐరన్ టానిక్‌కీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. రక్తం, మూత్రం తరచూ పరీక్ష చేయిస్తూనే ఉండాలి. మొదటి విడత అయ్యాక 19కి దిగింది. సంబరపడ్డాను. నెలన్నరకు మళ్లీ 27. ఎముకల్లో దాగిన సీసం రక్తంలోకి వస్తుందట. మెదడుకు జరిగిన నష్టాన్ని మాత్రం ఏ మందూ పూడ్చలేదట. ఆ మాట విన్న రోజు నాకు నిద్రపట్టలేదు.

మాటలు సరిగా రాని తన కొడుక్కీ ఈ మందు వేయిద్దామా అని మా వదిన అడిగింది. ఒంట్లో విషం లేకుండా ఎందుకు వదినా? అమెరికాలో 2005లో ఆటిజం ఉన్న ఓ బాబుకు ఇ.డి.టి.ఎ. ఎక్కిస్తే కాల్షియం పడిపోయి ప్రాణమే పోయింది.

వచ్చే నెల మావాడికి మళ్లీ పరీక్ష. మొన్న పప్పుచారన్నం ఇంకో ముద్ద పెట్టమన్నాడు.