మంజీర ఒడ్డున మొసలి పాఠం

పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి ముంబయి హైవే మీద ఇంకాస్త ముందుకెళ్తే సంగారెడ్డి వస్తుంది. ఆ పక్కనే కల్పగూరు దగ్గర మంజీర నదిలో మగ్గర్ మొసళ్లున్నాయి. ప్రధానంగా వాటి కోసమే 1978లో సుమారు 20 చదరపు కిలోమీటర్ల మేర మంజీర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. హైదరాబాద్‌కు దశాబ్దాలుగా తాగునీరిస్తున్నదీ ఈ నదే. అభయారణ్యానికి అనుబంధంగా పర్యావరణ విద్యా కేంద్రం కూడా ఉంది.

నదికి కంచె వేయలేం. జాతీయ పార్కులో పశువులను మేపడానికి చట్టం ఒప్పుకోదు. అభయారణ్యంలో మాత్రం స్థానికుల హక్కులు కొన్ని కొనసాగే వీలుంది. జాలర్లు, రైతులు, పశువుల కాపరులు తిరిగే చోట మొసలి బతకాలంటే దాని సంగతులు వాళ్లందరికీ తెలియాలి. ప్రసంగాలు, బడిపిల్లల ప్రకృతి శిబిరాలు అక్కరకొచ్చేది అందుకే.

అలాంటి పాఠాన్ని గుడ్డుతో మొదలుపెట్టడం మేలు. ఆడ మగ్గర్ ఒడ్డున మూరెడు లోతు గుంత తవ్వి, సాధారణంగా 25 నుంచి 30 గుడ్లు పెట్టి, మట్టి కప్పేస్తుంది. లోపలి పిల్ల ఆడో మగో తేల్చేది ఆ గూటి వేడి. ఇంచుమించు 28 నుంచి 31 డిగ్రీల మధ్య పొదిగితే ఆడవే పుడతాయి. 32.5 దగ్గరైతే మగవి. రెండు నెలలు అటూ ఇటుగా గుడ్లలోంచి కీచుమనే అరుపులు వినిపిస్తాయి. తల్లి గూడు తవ్వి, పిల్లలను నోట కరుచుకుని నీళ్లలో వదులుతుంది. ఇదంతా విన్న పిల్లలకు ఒడ్డున ఇసుక తవ్వకం ఎందుకు ప్రమాదమో విడిగా చెప్పనక్కర్లేదు.

మొసలికి తెలివీ ఉంది. చెన్నై దగ్గర 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంకులో మగ్గర్లు మూతి మీద పుల్లలు నిలుపుకుని కదలకుండా ఉండటం శాస్త్రవేత్తలు గమనించారు. గూటికి పుల్లల కోసం వచ్చే కొంగలకు అది ఎర అని వారి వివరణ.

అయితే మంజీర కథ మొసలితో ఆగదు. పటాన్‌చెరు ప్రాంతపు వ్యర్థాలను మోసిన నక్కవాగు చివరికి కలిసేది మంజీరలోనే. 2007లో వెలువడిన ఒక అధ్యయనం, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు లాంటివారు ఈ కాలుష్యంపై ఏళ్ల తరబడి పోరాడారు.

అందుకే ఈ పాఠం నది ఒడ్డు ఊళ్లతో పాటు ఫ్యాక్టరీ కార్మికుల కాలనీలకూ, అక్కడి బడులకూ చేరాలి. విన్నవాళ్లకు చేతినిండా పని కూడా చూపాలి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. పటాన్‌చెరు పిల్లలు నోటుపుస్తకంతో అందులో చేరి తమ చెరువునూ, మంజీరనూ పక్కపక్కన లెక్కగడితే, రెండు చోట్ల నీటికీ ఉన్న తేడా వాళ్ల అంకెల్లోనే కనిపిస్తుంది.