ఏలుబడి గల పక్షములో నాయకుల కలహము

రాజ్యమేలు కమ్యూనిస్టు పక్షములో నాయకుల కలహము ఏల ప్రాణాంతకమగునని మీలో ననేకులు నన్నడుగుచుందురు. నేనెఱిగినంత విన్నవింతును.

ముందుగా మన తెలుగునాటి సంగతి చూడుడు. 1964 జూలైలో తెనాలి సభ జరిపిన వర్గము, ఆ యేటనే మార్క్సిస్టు పక్షమై, పుచ్చలపల్లి సుందరయ్యగారిని ప్రధాన కార్యదర్శిగా నెన్నుకొనెను. 1968లో తరిమెల నాగిరెడ్డిగారు దానినుండి విడివడిరి. 1976లో సుందరయ్యగారే భేదాభిప్రాయముచే పదవిని వీడిరి. పొసగనివారు వేరు కాపురము పెట్టిరి. సేనయు చెరసాలయు వారి చేతిలో లేవు గనుక అంతటితో సరిపోయెను.

రుష్యాలో నట్లు గాదు. అచట నాడు వేఱొక పక్షమునకు తావు లేకుండెను. 1921లో పక్షములోపలి వర్గములను గూడ నిషేధించిరి. 1922లో స్టాలిను ప్రధాన కార్యదర్శి యయ్యెను. ఆ పదవి తొలుత వ్రాతకోతల పనిగానే కనబడినది. కాని ఉద్యోగులను నియమించు కలము అతనిచేత నుండుటచే, సభలకు వచ్చువారు క్రమముగా నతని మనుష్యులే యైరి. పదునెనిమిదవ శతాబ్దమున మన విజయనగరపు గద్దెమీద విజయరామరాజుగా రుండగా, దివానగు సీతారామరాజుగారు చాలకాలము పెత్తనము నడపిన వృత్తాంతము మీకు తెలియనిది కాదు. ట్రాట్‌స్కీ 1927లో పక్షమునుండి బహిష్కృతుడై, 1929లో దేశము వెడలగొట్టబడి, 1940లో మెక్సికోలో హతుడయ్యెను. వేరుపడ దారిలేని యింట ఓడినవానికి నిలువ నీడ యెక్కడిది?

కావున పక్షమునందైనను, ఊరి పంచాయతీయందైనను, నియామకపు కలమెవరి చేతనున్నదో, కాదన్నవానికి వాకిలి తెఱచియున్నదో లేదో, పెద్దలు ముందుగా విచారింపవలెను.