ఖాళీ పూల్ తేలుతుంది.. మీ ఎస్టిమేట్‌లో ఉందా?

సివిల్ ఇంటర్వ్యూలో ‘ఇంటి పెరట్లో స్విమ్మింగ్ పూల్‌కి ఎంతవుతుంది?’ అని అడిగారనుకోండి. నెట్‌లో చూసిన లక్షల అంకె చెప్పేయకండి. ‘నేల ఎక్కడ సార్?’ అని ఎదురడగండి.

మన జలంత్రకోట నుంచి సముద్రం వైపు, ఉద్దానం తోటల్లో కడుతున్నామనుకుందాం. లోపలి కొలతలు 8 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 1.5 లోతు. గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందం. కనీస తవ్వకం 63 ఘనపు మీటర్లు, కాంక్రీటు 15, టైల్స్ 68 చదరపు మీటర్లు. వీటికి ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు వేసేయడం అందరికీ వచ్చు.

అసలు చిక్కు కింద ఉంది. ఇసుక నేల కదా, వానాకాలంలో ఊటనీరు నేలమట్టం దాకా వస్తే ఖాళీ పూల్‌ను 63 టన్నుల బలంతో పైకి తోస్తుంది. కాంక్రీటు బరువేమో 37 టన్నులే. అంటే పూల్ పడవలా లేస్తుంది! అందుకే అడుగున ప్రెషర్ రిలీఫ్ వాల్వ్, తవ్వేటప్పుడు నీళ్లు తోడే మోటారు, ఇసుక జారకుండా దన్ను.. అన్నీ రాయాలి. నా మొదటి ఎస్టిమేట్‌లో ఆ మోటారు ఖర్చే మర్చిపోయాను. కాంట్రాక్టుపై 18 శాతం జీఎస్టీ సరేసరి.

ఇక నింపడానికి 48 వేల లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే నలుగురున్న ఇంటికి ఏడు నెలల నీళ్లు. అదీ కిడ్నీ జబ్బుల భయంతో హిరమండలం నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చుకున్న ఉద్దానంలో! ఈ లైను ఏ ఎస్‌ఎస్‌ఆర్‌లోనూ దొరకదు. నేనైతే ‘నీళ్లు ఎక్కణ్నుంచి?’ అని ఓనర్‌తో రాయించుకున్నాకే పార పట్టమంటాను.