తాతల తీరిక, మన అపోహలు

"మన తాతల కాలంలో ఎంత తీరిక! మనకే ఊపిరి సలపడం లేదు." శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా నలుగురు పెద్దలు చేరితే ఈ మాట రాక తప్పదు. ఎవరి తాతలకు, ఏ నెలలో అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు.

అపోహ: ఇక్కడి కళలన్నీ కోటలోపలి తీరికలోంచే పుట్టాయి.

వాస్తవం: ఇది సగమే నిజం. రాజు ఆనంద గజపతి అండ లేకుండా 1892లో 'కన్యాశుల్కం' నాటకం విజయనగరంలో రంగమెక్కేదని అనుకోలేం. 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాల కూడా తర్వాతి రాజావారి చలవే. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. అయితే అక్కడే చదివిన ఘంటసాల ఇంటింటా మధుకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్నాడు. ఆ చదువులో తీరిక ఎక్కడుంది? ఇక తప్పెటగుళ్ళు ఏ దర్బారూ నేర్పింది కాదు. గొర్రెలు కాసుకుని, సాగు చేసుకుని బతికే యాదవులు రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, పాడుతూ గెంతుతూ ఆడే ఆట అది. శిలాఫలకాలు కోటవైపే ఉన్నాయి కనుక చరిత్ర కూడా అటే ఉందనుకుంటున్నాం.

అపోహ: పండగంటే పనికి సెలవు.

వాస్తవం: విజయనగరం సిరిమాను జాతర చూసినవాళ్ళెవరూ ఈ మాట అనరు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం, పూజారిని కూర్చోబెట్టుకున్న సిరిమాను మూడులాంతర్ల దగ్గరి పైడితల్లి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మనం చూసేది ఆ ఒక్క సాయంత్రాన్నే. దాని వెనక సిరిమానుకు తగిన చింతమాను వెతకడం, నరకడం, చెక్కడం, రథం మీదికెక్కించడం ఉన్నాయి. ముందు నడిచే బెస్తవారి వల, పాలధార, అంజలి రథం ఊరికే వచ్చి చేరవు. ఒక్కోటీ ఒక్కొక్కరి వంతు, తరాల బాధ్యత. ముందురోజు తొలేళ్ళ నాడు రైతులు అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకుంటారు. పండగ మధ్యలోనే వచ్చే పంట పని మొదలైపోతుందన్నమాట. జాతర చూడవచ్చిన మనకే అది సెలవు.

అపోహ: ఎంత ఖాళీ దొరికితే అంత సుఖం.

వాస్తవం: ఖాళీ సమయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా మనసుకు హాయి తగ్గుతుందని అమెరికా పరిశోధకులు 2021లో ప్రకటించారు. తీరికను దండగగా చూసేవాళ్ళకు అది దొరికినా పెద్దగా రుచించదని అదే ఏడాది మరో అధ్యయనం తేల్చింది. కోతలయ్యాక అరుగు మీద చేరగిలబడినవాణ్ణి "పనీపాటా లేదేటి?" అని దెప్పే మన ఊళ్ళలో ఈ రెండోది చదివి వినిపించాలి.

అపోహ: వేట నిషేధం మత్స్యకారులకు వేసవి సెలవులు.

వాస్తవం: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలను, ఇంజిన్ బోట్లను ఆపుతారు. పడవ ఒడ్డెక్కితే వల బాగుచేసుకోవాలి, ఇంజిన్ విప్పించాలి, దానికి అప్పు పుట్టించాలి. కూలి ఆగిపోయిన రోజును తీరిక అనడం అన్యాయం.

అపోహ: ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళకు కావలసినంత తీరిక.

వాస్తవం: 2024 కాలవినియోగ సర్వే దేశం మొత్తానికి ఒక లెక్క ఇచ్చింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. ఆ పైన పొందూరులో నూలు వడికే ఆడవాళ్ళున్నారు. ఖద్దరు కొనడానికొచ్చినవాళ్ళు "తీరిక వేళల్లో వడుకుతారట" అని ముచ్చటపడిపోతారు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, శుభ్రం చేసి, రాట్నం మీద సన్న నూలు తీయడం కాలక్షేపం కాదు. చేతికొచ్చే డబ్బు నూలు ఎంత తీశారన్నదాన్ని బట్టే. రాట్నం ముందు కూర్చునే సరికి పొయ్యి పని ఒక విడత అయిపోయి ఉంటుంది, లేచాక మరో విడత మిగిలే ఉంటుంది.